పికప్ పెరిగింది, ఆయిల్ కూడా పెరిగింది!

ప్రశ్న: నా డీజిల్ కారుకి ఈమధ్య ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. పికప్ అదిరింది. కానీ ఇదివరకు 400 కిలోమీటర్లకోసారి వచ్చే డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేసే రీజెన్, ఇప్పుడు 150కే వస్తోంది. పైగా ఆయిల్ లెవెల్ పెరుగుతోంది. బాక్స్ అమ్మినవాళ్లేమో ‘దానికీ దీనికీ సంబంధం లేదు, కావాలంటే ఫిల్టరే తీసేద్దాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సంబంధం లేకపోవడమేమిటండీ! ముందు ఆయిల్ సంగతి చూడండి. డిప్‌స్టిక్ తీసి ఒక చుక్క వేళ్ల మధ్య రుద్దండి. పట్టు లేకుండా పల్చగా జారుతూ డీజిల్ వాసన కొడుతోందా? లెవెల్ మ్యాక్స్ గీత దాటిందా? అయితే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేదాకా బండి తీయొద్దు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం) గుండా ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి చేరితే ఇంజిన్ దాన్నే తాగి పరిగెడుతుంది. అప్పుడు తాళం తిప్పినా ఆగదు.

ఆయిల్లోకి డీజిల్ ఎలా వచ్చిందంటారా? డీపీఎఫ్‌లో పేరుకున్న మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఊళ్లో తిరిగే బండి ఎగ్జాస్ట్‌లో అంత వేడి ఉండదు. అందుకే చాలా బండ్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పవర్ స్ట్రోక్ చివర్లో మరికాస్త డీజిల్ కొట్టిస్తుంది. అది ఫిల్టర్ ముందుండే క్యాటలిస్ట్‌లో మండి వేడి పుట్టిస్తుంది. అందులో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. రీజెన్ ఎన్నిసార్లు జరిగితే అంత కలుస్తుంది.

ఇక మీ బాక్స్. ఇలాంటివి చాలావరకు రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) ప్రెషర్ సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని, ప్రెషర్ తక్కువగా ఉందని ఈసీయూకి అబద్ధం చెబుతాయి. అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునేది అంతసేపే అయినా డీజిల్ ఎక్కువ పడుతుంది. గాలి ఆ లెక్కన పెరగదు కాబట్టి మసి పెరుగుతుంది. తాను ఎంత డీజిల్ పంపిందో దాన్నిబట్టే ఈసీయూ మసి లెక్క కడుతుంది. మరి ఈ అదనపు మసి పద్దులో రాయని అప్పు లాంటిది. చివరికి ఫిల్టర్‌కు అటూఇటూ ఉన్న ప్రెషర్ తేడాను కొలిచే సెన్సర్ దాన్ని పట్టేస్తుంది. అందుకే మీకు 150కే రీజెన్ మొదలవుతోంది. అదీ సగంలో బండి ఆపేస్తే మసి అలాగే మిగులుతుంది. మితిమీరి పేరుకున్న మసి ఒక్కసారిగా అంటుకుంటే వేడి 1000 డిగ్రీలు దాటి లోపలి సిరామిక్ పగలొచ్చు. అనుమానముంటే, ఇంజిన్ చల్లారాక సైలెన్సర్ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. ఫిల్టర్ బాగుంటే గుడ్డకు పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి అంటిందంటే ఫిల్టర్ పగిలిందేమో చూపించుకోవాలి.

అందుకని ఆయిల్ మార్చేటప్పుడే బాక్స్ కూడా పీకించండి. తర్వాత స్కానర్ పెట్టించి మసి ఎంతుందో చూడండి. హద్దులో ఉంటే ఖాళీ రోడ్డు మీద ఆపకుండా నడిపి రీజెన్ పూర్తి కానివ్వండి. హద్దు దాటితే వర్క్‌షాప్‌లో బలవంతంగా కాల్పించొద్దు, ఫిల్టర్ విప్పించి శుభ్రం చేయించండి. ఫిల్టర్ తీసేయడమంటారా, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. ఆ సలహా ఇచ్చినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

ఏమాటకామాటే, ట్యూనింగంతా చెడ్డదని నేననను. స్మోక్ లిమిటర్ (ఉన్న గాలికి మించి డీజిల్ పడకుండా ఈసీయూలో పెట్టిన హద్దు) జోలికి పోకుండా, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన రీమ్యాప్‌తో, అంటే ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్పుతో, ఇంత టెన్షన్ ఉండదు. చేయించే ముందు ‘స్మోక్ లిమిటర్ ఎంతకు పెడుతున్నారు?’ అని అడగండి. నీళ్లు నమిలారా, తాళం చేతిలో పట్టుకుని వచ్చేయండి.

ప్రశ్న: ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మూసేస్తే మసి తగ్గి డీపీఎఫ్ ఎక్కువకాలం వస్తుందట. నిజమేనా?

జవాబు: మసి తగ్గడం నిజమే. నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగడమూ నిజమే. ఈజీఆర్ ఫాల్ట్ కోడ్ పడితే చాలా బండ్లలో ఈసీయూ రీజెన్‌నే ఆపేస్తుంది. అప్పుడు ఆ తగ్గిన మసి కూడా కాలదు.