మోటార్ ఆన్ చేసినప్పుడల్లా యూఎస్‌బీ బోర్డు పేరు మారుతోందా?

మిర్యాలగూడలోని మీ రైస్ మిల్లులో డ్రయ్యర్ ఉష్ణోగ్రతలు చదవడానికి మీరే తయారుచేసిన యూఎస్‌బీ బోర్డు, ఎలివేటర్ మోటార్ ఆన్ చేసినప్పుడల్లా టీటీవైఏసీఎం0 అనే పోర్టు పేరు నుంచి టీటీవైఏసీఎం1కి మారిపోతోందని, దానితో డెబియన్ లినక్స్ కంప్యూటర్‌లోని కంట్రోల్ ప్రోగ్రామ్ ఆగిపోతోందని రాశారు. హాలియా వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ప్యానెల్‌లో నేనూ సరిగ్గా ఇదే చూశాను. ఇక్కడ ఉన్నవి రెండు సమస్యలు; పేరు మారడం వాటిలో చిన్నది, బోర్డు అసలు తెగిపోవడమే పెద్దది.

బోర్డు క్షణకాలం తెగిపోయి మళ్లీ కలిసే సమయానికి మీ ప్రోగ్రామ్ పాత పోర్టును ఇంకా పట్టుకునే ఉంటుంది గనుక, కెర్నెల్ (లినక్స్‌లోని మూల ప్రోగ్రామ్) పాత పేరులోని అంకెను విడుదల చేయక తరువాతి అంకె ఇస్తుంది. బోర్డును గుర్తుపట్టే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, సీరియల్ నంబర్ ఆధారంగా యూడెవ్ (పరికరాలను గుర్తించి పేర్లు పెట్టే లినక్స్ సేవ) రూల్ రాసి, స్థిరమైన పేరుతో సిమ్‌లింక్ (అసలు పోర్టును చూపే మారుపేరు) పెట్టుకోండి. చదవడంలో లోపం వచ్చిన వెంటనే ప్రోగ్రామ్ పోర్టును మూసి, ఆ పేరుతోనే తిరిగి తెరవాలి. ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) మీ చేతిలోనే ఉంది కాబట్టి ప్రతి బోర్డుకూ వేరు సీరియల్ నంబర్ ఇవ్వవచ్చు. బజారులో దొరికే సీహెచ్340 అనే యూఎస్‌బీ-సీరియల్ చిప్పు ఉన్న బోర్డులలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. మోడెమ్‌లను వెతికి నడిపే మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఈ బోర్డు జోలికి రాకుండా కూడా అదే రూల్‌లో రాయండి, లేకపోతే అది దీనిని మోడెమ్ అనుకొని ఏటీ కమాండ్లు పంపే ప్రమాదం ఉంది. పోర్టు తెరిచే అనుమతి కోసం యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చితే చాలు.

అసలు చూడవలసింది కెర్నెల్ లాగ్. మా ప్యానెల్‌లో స్టార్టర్ కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) పనిచేసిన ప్రతిసారీ, హబ్ ఆ పోర్టును నిలిపివేసినట్లు ఒక వాక్యం, అందులోనే ‘ఈఎంఐ?’ అన్న ప్రశ్న కనిపించేవి. కెర్నెలే విద్యుదయస్కాంత జోక్యాన్ని అనుమానిస్తున్నప్పుడు కోడ్‌లో తప్పులు వెతుకుతూ కూర్చోవడం దండగ. యూఎస్‌బీ కేబుల్‌ను మోటార్ కేబుళ్ల ట్రే నుంచి తప్పించి, కాంటాక్టర్ కాయిల్‌కు ఆర్‌సీ స్నబ్బర్ (విద్యుత్ కుదుపును అణచే రెసిస్టర్-కెపాసిటర్ జంట) వేసి, బోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా డేటాను పంపే, ఏడీయూఎం4160 చిప్పు ఉన్న ఐసొలేటర్ పెట్టిన తరువాతే ఆ వాక్యాలు ఆగిపోయాయి. ఆ చిప్పు 12 ఎంబీపీఎస్ ఫుల్ స్పీడ్ వరకే పనిచేస్తుంది, మీ బోర్డుకు అది ఎక్కువే. దూరం 5 మీటర్లు దాటితే మాత్రం యూఎస్‌బీని వదిలి, ఎక్కువ దూరానికి పనికొచ్చే ఆర్ఎస్-485 సీరియల్ వైరింగ్‌కు వెళ్లండి.

ఇవన్నీ చేసినా, స్టీమ్ వాల్వ్ మూసే నిర్ణయాన్ని కంప్యూటర్ మీద వదలకండి. కంప్యూటర్ నుంచి 2 సెకన్లపాటు సందేశం రాకపోతే వాల్వ్ రిలే దానంతట అదే పడిపోయి వాల్వ్ మూసుకునేలా ఫర్మ్‌వేర్‌లోనే రాసి, బోర్డుతోగానీ కంప్యూటర్‌తోగానీ సంబంధం లేని థర్మోస్టాట్ ఒకటి విడిగా బిగించండి.