రంజాన్ నెలలో మస్కట్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: వదినగారూ, మా అబ్బాయికి మస్కట్‌లో ఉద్యోగం. 2027 ఫిబ్రవరిలో నన్నూ మా ఆయన్నీ రమ్మని టికెట్లు తీస్తానంటున్నాడు. తీరా చూస్తే అది రంజాన్ నెలట. అక్కడ పగలు మంచినీళ్లు తాగినా పోలీసులు పట్టుకుపోతారని మా వీధిలో ఒకావిడ చెప్పింది. నాకు షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. టైముకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా, మానమంటారా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: శుభ్రంగా వెళ్లండి వదినగారూ. సీతమ్మధారకి వచ్చి స్థిరపడకముందు నేను మస్కట్‌లోనే, రూవిలో నర్సుగా చేశాను. షుగర్ ఉన్నవాళ్లని రంజాన్ నెలలో చూడటం మా డ్యూటీలో పెద్ద భాగం. కాబట్టి నా మాట వినొచ్చు.

మీ వీధి ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం. ఒమన్‌లో 2018 నాటి శిక్షాస్మృతి ప్రకారం రంజాన్ పగటిపూట బహిరంగంగా తిన్నా తాగినా పది రోజుల నుంచి మూడు నెలల దాకా జైలు వేయొచ్చు. ఈ మాటలో ‘బహిరంగంగా’ అన్నదే పట్టుకోండి. మీ అబ్బాయి ఫ్లాటులో మీరు ఇడ్లీ తింటారో, చద్దన్నం తింటారో ఎవరికీ పట్టదు. రోడ్డు మీద, బీచిలో, పార్కులో, షాపింగ్ మాల్‌లో మాత్రం వద్దు. కారులో కూర్చుని తాగితే ఎవరు చూస్తారులే అనుకోకండి, అద్దంలోంచి అందరికీ కనబడుతుంది. సిగరెట్టుకీ ఇదే రూలు. మీవారికి అలవాటుంటే ముందే చెప్పి ఉంచండి.

ఇక మీ షుగర్ సంగతి. ఉపవాసం నుంచి రోగులకీ, ప్రయాణంలో ఉన్నవాళ్లకీ ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. అలాంటిది, వాళ్ల మీద గౌరవం కొద్దీ మీరూ ఒక రోజు ఉండి చూద్దామనే సరదా పెట్టుకోకండి. ఇన్సులిన్ వేసుకుని కడుపు ఎండబెట్టుకోవడం ఎంత ప్రమాదమో నా కళ్లతో చూశాను. టిఫినూ భోజనమూ ఇంట్లోనే టైముకి కానిచ్చి, మధ్యలో ఖాళీ చూసుకుని బయటికి వెళ్లండి. హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. బయట ఉండగా చెమటలు పట్టి చేతులు వణికితే, ఎవరేమనుకుంటారోనని ఆలోచించకుండా నోట్లో వేసుకోండి. పక్కనే మందుల షాపు ఉంటే లోపలికెళ్లి ‘షుగర్ డౌన్’ అనండి, చాలు. మస్కట్ మందుల షాపుల్లో మలయాళీలు చాలామంది, క్షణంలో అర్థం చేసుకుంటారు.

ఇన్సులిన్‌ని చేతి సామానులోనే పెట్టుకోండి. మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ రాయించుకోండి. మోకాళ్ల నొప్పులకి ట్రమడాల్ లాంటివి వాడుతుంటే ఆ చీటీ మరీ ముఖ్యం. గల్ఫ్‌లో వాటి మీద నియంత్రణ గట్టిగా ఉంటుంది.

ఆ నెలలో ఊరికి పగలు రాత్రవుతుంది, రాత్రి పగలవుతుంది. ముస్లిం ఉద్యోగులకి పని రోజుకి ఆరు గంటలే. పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి. మధ్యాహ్నం మత్రా బజారుకి వెళ్తే సగం షట్టర్లు దించి కనబడతాయి, ‘ఏముందిక్కడ’ అనిపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక అదే సందులో నిలబడండి. సాంబ్రాణి పొగ, ఖర్జూరాలు, పిల్లల కొత్త బట్టలు, ఒమనీ హల్వా గిన్నెలు... మీరు హల్వాని చూసి ఊరుకోవాలి, అంతే!

సాయంత్రం అజాన్‌కి ముందు అరగంట మాత్రం రోడ్డెక్కొద్దు. ఇల్లు చేరాలన్న తొందరలో అందరూ బండి దూకిస్తారు, టాక్సీలూ సరిగా దొరకవు. మా ఆసుపత్రిలో ఆ వేళ నాకిప్పటికీ గుర్తే. అజాన్ వినబడగానే నాతో పనిచేసే ఒమనీ అమ్మాయి ట్రాలీ పక్కన నిలబడే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, గింజని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని మళ్లీ పేషెంటు దగ్గరికి వెళ్లిపోయేది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి! నాకు టీ పది నిమిషాలు ఆలస్యమైతే చిరాకు.

తేదీల మాటకొస్తే, 2027 రంజాన్ ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. నెలవంక కనబడటాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. నెల మధ్యలో ‘కరన్‌కషో’ అని పిల్లల పండగ వస్తుంది. కొత్త బట్టలేసుకుని, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మీ అబ్బాయి ఇంటి చుట్టుపక్కల ఒమనీ కుటుంబాలుంటే చాక్లెట్లు కొని ఉంచండి. చీర కట్టుకు తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు, భుజాలు కప్పేలా జాకెట్టు ఉంటే సరి. ఫిబ్రవరి కాబట్టి ఎండ భయం కూడా లేదు.

ప్రశ్న: మేడమ్, మా పక్కింటి వాళ్లు ఇఫ్తార్‌కి పిలిచారు. మాకిదే మొదటిసారి. ఏం తీసుకెళ్లాలి, ఎన్నింటికి వెళ్లాలి?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: పళ్లు తీసుకెళ్లు బాబూ, దేనికీ సందేహం ఉండదు. సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందే వాళ్లింట్లో ఉండాలి. పెళ్లి భోజనానికి వెళ్లినట్టు గంట లేటుగా వెళ్తే కుదరదు. వాళ్లు ఖర్జూరం నోట్లో వేసుకున్నాకే నువ్వు మొదలుపెట్టు. రెండు ముక్కలు తిని నమాజుకి లేస్తారు. నిన్ను వదిలేశారనుకోకు, కాసేపట్లో వచ్చేస్తారు. అసలు భోజనం ఆ తర్వాతే కాబట్టి సమోసాలతోనే కడుపు నింపుకోకు. మీరు శాకాహారులైతే ఆ మాట ముందురోజే చెప్పండి, వేరేగా వండటానికి వాళ్లకీ టైము కావాలి కదా.