టెక్ సందేహాలు: ఆఫీసుకూ శ్రీశైలానికీ ఒకే సైకిల్ సరిపోతుందా?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి రాయదుర్గంలోని ఆఫీసుకు రోజూ సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నాను. ఆదివారాలు గండిపేట, అనంతగిరి వైపు, ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రీశైలం లాంటి మూడు నాలుగు రోజుల ప్రయాణం. సామాను ఎనిమిది కిలోలకు మించదు. వాడినవి రెండు సైక్లోక్రాస్ సైకిళ్లు దాదాపు ఒకే ధరకు దొరుకుతున్నాయి. ఒకటి అల్యూమినియం, 9 కిలోలు, డిస్క్ బ్రేకులు, ముందు 40 పళ్ల చైన్‌వీల్ ఒక్కటే, వెనక గేరు చక్రాలు 11 నుంచి 32 పళ్లవి. క్యారియర్ బిగించడానికి రంధ్రాలు లేవు. రెండోది స్టీలు, 11.5 కిలోలు, రిమ్ బ్రేకులు, ముందు 46, 36 పళ్ల చైన్‌వీల్స్ రెండు, వెనక 11 నుంచి 34 పళ్లు. క్యారియర్, మడ్‌గార్డులు రెండూ బిగుస్తాయి. ఏది మేలు?

జవాబు: స్టీలు సైకిలే తీసుకోండి. రెండున్నర కిలోల తేడా చూసి వెనకాడకండి.

సైక్లోక్రాస్ అంటే బురదలో, గడ్డిలో దాదాపు గంటసేపు సాగే పందెం. అడ్డంకులు వచ్చినచోట దిగి, సైకిల్‌ని భుజాన వేసుకుని పరుగెత్తాలి. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. మీరు చూసిన మొదటి సైకిల్ అచ్చంగా ఆ పని కోసం చేసినదే. గంట పందెంలో సామాను ఉండదు కాబట్టి క్యారియర్ రంధ్రాలు పెట్టలేదు. చురుగ్గా తిరగాలి కాబట్టి పెడళ్లకూ వెనక చక్రానికీ మధ్య దూరం తగ్గించారు. అలాంటి ఫ్రేముకు ఎలాగోలా క్యారియర్ బిగించి సైడ్ బ్యాగులు తగిలిస్తే, తొక్కిన ప్రతిసారీ మడమ బ్యాగుకు తగులుతుంది. నా మొదటి టూర్‌లో నాకు జరిగింది ఇదే. ముప్పై కిలోమీటర్లకే విసుగొచ్చి, దారిలో బ్యాగుల్ని తాళ్లతో వెనక్కి లాగి కట్టుకున్నాను. అందుకే కొనేముందు ఒక బ్యాగు వెంట తీసుకెళ్లి, అది ఉండాల్సిన చోట పట్టుకుని పెడల్ తిప్పి చూడండి. స్టీలు సైకిల్‌కూ ఈ పరీక్ష చేయాల్సిందే.

అంతకన్నా ముఖ్యమైనది గేర్ల లెక్క. మొదటి సైకిల్‌లో అన్నిటికన్నా తేలిక గేరులో (ముందు 40, వెనక 32 పళ్లు) పెడల్ ఒక చుట్టు తిరిగితే మీరు సుమారు 2.65 మీటర్లు ముందుకెళ్తారు. రెండోదాంట్లో (ముందు 36, వెనక 34) 2.25 మీటర్లే. కాగితం మీద చిన్న తేడానే, కానీ ఘాట్ మీద అలా అనిపించదు. నిమిషానికి 60 చుట్లు తిప్పగలిగితే మొదటిదాని మీద గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్ల వేగం నిలబెట్టాలి. రెండోదాని మీద ఎనిమిది చాలు. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ దగ్గరికి దిగుతుంది. నది దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. రోజంతా తొక్కిన కాళ్లతో, వెనక ఎనిమిది కిలోలతో ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మీ మోకాళ్లను కాపాడేది ఆ చిన్న గేరే.

స్టీలు సైకిల్‌కూ ఒక లోపం ఉంది. వానలో రిమ్ బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. రబ్బరు ముందు తడిని తుడవాలి, ఆ తర్వాతే ఆపుతుంది. రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక రిమ్మును అరగదీస్తుంది కూడా. కొనేటప్పుడు రిమ్ము పక్క భాగం మీద వేలు పెట్టి చూడండి. లోపలికి గుంట పడినట్టుంటే కొత్త రిమ్ము ఖర్చు ధరలో తగ్గించమనండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షంలోనూ రోజూ తొక్కుతానంటే మాత్రం డిస్క్ బ్రేకుల వైపు మొగ్గడం తప్పు కాదు. అప్పుడు ఆ అల్యూమినియం సైకిల్ ముందు 36 పళ్ల చైన్‌వీల్ వేయించి, సామాన్ని సీటు వెనక కట్టే పెద్ద సంచిలో సర్దుకోవచ్చు. ఎనిమిది కిలోలూ అందులో పట్టవు, కొంత హ్యాండిల్‌కి కట్టాలి.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ట్రయల్ వేయకండి. అక్కడ ఏ సైకిలైనా హాయిగానే ఉంటుంది. మీ ఆఫీసు దారిలోనే, స్పీడ్ బ్రేకర్ల మీదుగా తొక్కి చూడండి.

టైర్లు పట్టినంతలో 35 మిల్లీమీటర్లవి వేయించండి, పంక్చర్ కాకుండా అడుగున పొర ఉన్నవి. ఊరు దాటితే రోడ్డు అంచున పల్లేరు కాయలు ఉంటాయి. అవి సన్న టైర్లను వదలవు. ఈ సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే పెట్రోల్ బంకు గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి, రెండు ట్యూబులు, కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్‌కి సరిపోయే బ్రేకు వైరు ఒకటి సంచిలో ఉంచుకోండి. ఆ వైరు తల ఆకారం వేరు, ఊళ్లో మామూలు సైకిల్ షాపులో దొరకకపోవచ్చు.

ప్రశ్న: నల్లమల దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదంటున్నారు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకుంటే సైకిల్ ప్రయాణానికి చాలా?

జవాబు: పూర్తిగా చాలదు. నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ కారు దారి మాత్రమే చూపిస్తుంది, సైకిల్ దారి చూపించదు. శ్రీశైలానికి ప్రధాన రహదారి ఒక్కటే కాబట్టి పెద్ద చిక్కు లేదు గానీ, పల్లెదారుల్లో వెళ్లేటప్పుడు ఓఎస్ఎమ్‌అండ్ లాంటి ఆఫ్‌లైన్ యాప్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మ్యాప్‌లు ముందే దించుకోండి. ఇంట్లోనే దారి గీసి జీపీఎక్స్ ఫైలుగా (గీసిన దారిని దాచుకునే ఫైలు) అందులో పెట్టుకోండి. జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పని లేదు, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా నడుస్తుంది. బ్యాటరీని తినేది స్క్రీన్. మలుపుల దగ్గర మాత్రమే వెలిగించి చూసుకుంటే ఒక 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ రెండు రోజులు వస్తుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారి మూసేస్తారు కాబట్టి వెలుతురు ఉండగానే అడవి దాటేలా బయల్దేరండి. చెక్‌పోస్టు చేరగానే ఇంటికి ఫోన్ చేసి, మళ్లీ ఎన్ని గంటలకు సిగ్నల్‌లోకి వస్తారో చెప్పండి.