300 పడకల ఆస్పత్రికి ఒక్క సైకియాట్రిస్టు చాలా?

చిత్తూరు వైపు 300 పడకల జనరల్ ఆస్పత్రిలో వార్డులకు, క్యాజువాల్టీకి సైకియాట్రీ సేవ మొదలుపెట్టాలనుకుంటున్నామని, ఒక్క సైకియాట్రిస్టు సరిపోతారా అని అడిగారు. సరిపోరు. తిరుపతి వార్డుల పని తెలిసి చెబుతున్నాను, మీకు ముందు కావాల్సింది రెండో డాక్టరు కూడా కాదు, రాత్రిళ్లు ఉండే నర్సు.

సైకియాట్రిస్టు పొద్దున ఓపీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేరు. ఈలోగా క్యాజువాల్టీ నుంచి కాల్ (వచ్చి చూడమనే పిలుపు) వస్తే, అది చూసేసరికి పురుగుమందు తాగిన మనిషి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. సాయంత్రం తర్వాత ఇక ఎవరూ ఉండరు. ఇరవైనాలుగు గంటలూ ఒక నర్సు ఉండాలంటే వారానికి 21 షిఫ్టులు. ఒకరు ఆరు చేస్తే ముగ్గురున్నర, సెలవులు, నైట్ ఆఫ్‌లు కలిపితే ఐదుగురు. వాళ్లతోపాటు ఓపీ బరువు లేని ఒక సైకియాట్రిస్టు (రాత్రి ఫోన్లో), ఒక సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కరు. ఇంగ్లండులో జనరల్ ఆస్పత్రుల్లో ఇరవైనాలుగు గంటల సైకియాట్రీ సేవకు పెట్టుకున్న ‘కోర్ 24’ ప్రమాణం ప్రకారం సుమారు 500 పడకలకు ఇద్దరు కన్సల్టెంట్లు, 13 మంది నర్సులు ఉండాలి. ఎమర్జెన్సీ కాల్‌కు గంటలోపు, వార్డు నుంచి వచ్చే అర్జెంటు కాల్‌కు 24 గంటల్లోపు వెళ్లాలి. అంతమంది మనకు దొరకరు గానీ, ఆ గడువులు మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

ఎక్కువ కాల్స్ మీరనుకునే చోట నుంచి రావు. కాలు విరిగి ఆర్థో వార్డులో చేరిన మనిషి రెండో రోజో మూడో రోజో రాత్రి లేచి అరుస్తాడు, సెలైన్ పీకేస్తాడు. ‘పిచ్చెక్కింది’ అని మంచానికి కట్టేస్తారు. చాలాసార్లు అది రోజూ తాగే సారా ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చిందే. ఫిట్స్ మొదటి రెండు రోజుల్లో, డెలిరియం (మతి తప్పి, ఎక్కడున్నాడో తెలియని స్థితి) 48 నుంచి 96 గంటల మధ్య వస్తాయి. చివరిసారి ఎప్పుడు తాగాడో చేరిన రోజే కేస్ షీట్‌లో రాస్తే ఇది ముందే పట్టుబడుతుంది. సారా ఆగినప్పుడు ఇచ్చే మత్తుమందుల్లో, లివర్ చెడిన వాళ్లకు లోరాజెపామ్ మేలు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. షుగర్ పడిపోయి ఉంటే మాత్రం థయామిన్ కోసం గ్లూకోజ్ ఆపకూడదు. ముసలివాళ్లలో సారాతో సంబంధం లేని డెలిరియానికి లోరాజెపామ్ ఇస్తే ఇంకా ముదురుతుంది. అక్కడ సోడియం, మూత్రం, ఇన్‌ఫెక్షన్ చూడాలి. అరుపులు, గొడవ తగ్గించడానికి హాలోపెరిడాల్ తప్పదంటే అర మిల్లీగ్రాముతో మొదలుపెట్టాలి, ఈసీజీ చూశాకే.

‘సైకియాట్రీ ఒపీనియన్ కావాలి’ అని ఒక్క ముక్క రాసి పంపే రిఫరెన్స్‌ను ఒప్పుకోకండి. ప్రశ్న ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఇప్పుడు ఏ మందులు, షుగర్, సోడియం ఎంత, ఇవన్నీ స్లిప్పులో ఉండాలి. పేషెంటుకు ముందుగా చెప్పకుండా సైకియాట్రిస్టును మంచం దగ్గరికి పంపితే ‘నన్ను పిచ్చోణ్ణి అనుకుంటాండారా’ అని మొహం తిప్పేసుకుంటాడు.

మన రాయలసీమలో హెయిర్ డై తాగిన కేసులు ప్రత్యేకం. గొంతు వాచి ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకు రంధ్రం) పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, మాట రాదు. మాట్లాడలేడు కదా అని సైకియాట్రీ కాల్ వాయిదా వేస్తారు. పలక ఇచ్చి రాయించండి, చదువు రాకపోతే అవును, కాదు అని తల ఊపించండి. పక్కన బంధువులు లేకుండా అడగాలి, కారణం ఆ ఇంట్లోనే ఉండొచ్చు. తిరుమల యాత్రికుల్లో మందులు ఇంట్లో మరిచిపోయి, నిద్ర లేక అదుపు తప్పేవాళ్లుంటారు. తమిళం, కన్నడం వచ్చిన నర్సు ఒకరైనా టీములో ఉండాలి.

కేసు భయంతో కుటుంబాలు విషం సంగతి దాస్తాయి, రాత్రికి రాత్రే సంతకం పెట్టి తీసుకెళ్లిపోతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావిస్తుంది, శిక్షించదు. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) రాయడం వేరు, శిక్ష వేరు. క్యాజువాల్టీలోనే ఎవరో ఒకరు ఈ మాట ఇంట్లోవాళ్లకు నిదానంగా చెప్పాలి. ఆ ఐదు నిమిషాలకు డాక్టరే అక్కర్లేదు, నర్సు చాలు.

డిశ్చార్జి రోజు సోషల్ వర్కరు రెండు ఫోన్ నంబర్లు తీసుకోవాలి, ఒకటి పేషెంటుది, ఒకటి ఇంట్లో నమ్మకమైన వాళ్లది. వారం లోపు ఫోన్ చేయాలి. మాత్రలు వారానికి మించి ఒకేసారి ఇవ్వొద్దు. పురుగుమందు డబ్బా ఎక్కడ పెడతారో అడిగి, తాళం వేసి ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా తేల్చి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరును డిశ్చార్జి చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాయండి.