అమ్ములుకు, నీ ఆటలోని పుస్తకాల కొట్టు గురించి

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు నడిపే రోల్ ప్లేయింగ్ ఆటలో, అంటే తలా ఒక పాత్రగా మారి నువ్వు చెప్పే లోకంలో కథ నడిపే ఆటలో, ఆ కోట వెనక వీధిలో, పుస్తకాలూ రాత సామగ్రీ అమ్మే కొట్టు ఒకటి తెరవబోతున్నావని చదివి చాలా సంతోషించాను. ఆయుధాల కొట్టు, మందుల కొట్టు అందరూ పెడతారు. అక్షరాలు అమ్మే చోటు ఉండాలన్న ఆలోచన నీకు రావడం నాకు నచ్చింది. కానీ దానికోసం మూడు వందల పుస్తకాల పేర్లు రాసి పెట్టుకున్నానన్నావు చూడు, ఆ జాబితా పక్కన పెట్టు. అది నీకు అక్కరకు రాదు.

చాలా ఏళ్ల కిందట నేనూ అలాంటి కొట్టే పెట్టాను. పైకప్పు దాకా అలమరాలు, పాత తోలు వాసన, నిచ్చెన మీద కూర్చున్న గుడ్లగూబ, అన్నీ వర్ణించాను. ఇక్కడ దొరకని పుస్తకం లేదని యజమాని చేత గట్టిగా అనిపించాను. ఆటగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నీ ఉన్నచోట ఏమడగాలో వాళ్లకు తోచలేదు. మంత్రగాడు ఒక సిరాబుడ్డి కొన్నాడు, అంతే, పది నిమిషాల్లో అందరూ బయటపడ్డారు. మళ్లీ ఎన్నడూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ కొట్టులో ఏం తక్కువైందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అక్కడ లేని పుస్తకం ఒక్కటీ లేకపోవడమే దాని లోపం.

ఈ మాట నీకు బాగా పట్టుబడాలంటే స్టేషనర్ అన్న వృత్తి ఎలా మొదలైందో తెలియాలి. మధ్యయుగంలో పారిస్, బొలోనా వంటి విశ్వవిద్యాలయ నగరాల్లో ఆ పేరున్న వర్తకులు ఉండేవారు. ఊరూరా తిరిగి అమ్మకుండా ఒకచోట కుదురుగా అంగడి పెట్టుకున్నవారు కాబట్టి వాళ్లకు ఆ పేరు. మనం ఈనాటికీ అనే స్టేషనరీ దాని నుంచి వచ్చినదే. సరిచూసిన గ్రంథం ప్రతిని వాళ్లు కుట్టకుండా, విడి భాగాలుగా ఉంచేవారు. ఒక్కో భాగానికి పెసియా అని పేరు. విద్యార్థో లేఖకుడో ఒక భాగం అద్దెకు తీసుకుపోయి, నకలు రాసుకుని, తిరిగి తెచ్చిచ్చి, తరువాతిది తీసుకునేవాడు. అలా ఒకే గ్రంథాన్ని ఒకేసారి నలుగురైదుగురు రాసుకోగలిగేవారు.

ఇప్పుడు నీ కొట్టుకు రా. మీ వాళ్లకు కావలసిన గ్రంథం అక్కడ ఉంది, ఎనిమిది భాగాలు. ఏడు అలమరాలో ఉన్నాయి. నాలుగోది మూడు వారాల కిందట ఎవరో అద్దెకు తీసుకున్నారు, గడువు దాటినా తిరిగి రాలేదు. తీసుకున్నది ఎవరు? ఎక్కడుంటారు? ఎందుకు ఆలస్యమైంది? నువ్వు కథ మొదలుపెట్టాల్సిన పని లేదు, వాళ్లే మొదలుపెడతారు. నా రెండో కొట్టు ఇలా పెట్టినప్పుడు, ఆ ఒక్క భాగం వెనకపడి మూడు సాయంత్రాలు ఆడారు.

కాబట్టి కొట్టులో అన్నిటికన్నా విలువైన పుస్తకం ఖాతా పుస్తకం. ఎవరు ఏ సిరా కొన్నారు, ఎవరు ఉన్నట్టుండి నల్ల లక్క అడిగారు, ఏ గుమాస్తా పేరున బాకీ పేరుకుంది, అన్నీ అందులో ఉంటాయి. నగరంలో గుట్టుగా ఉత్తరం రాయాలనుకున్నవాడు కూడా కాగితం కొనక తప్పదు కదా! ఆ ఖాతాలో పన్నెండు పద్దులు ముందే రాసి పెట్టుకో. మూడు వందల పేర్ల కన్నా ఈ పన్నెండు పద్దులు నీకు ఎక్కువ ఉపయోగపడతాయి. యజమానికి గట్టి నియమం ఒకటి ఉండనీ. నేను పెట్టిన ముసలామె తన ఖాతాదారుల గురించి ఎవరు అడిగినా నోరు విప్పదు. కానీ మనిషి నచ్చితే ఖాతా తెరిచి ఉంచి, కాగితాల కోసమని లోపలి గదిలోకి వెళుతుంది. మా వాళ్లు ఆమె మెప్పు కోసం పడ్డ తాపత్రయం నాకిప్పటికీ గుర్తుంది.

సరుకు విషయానికి వస్తే, ప్రతి వస్తువూ ఎలా తయారవుతుందో కాస్త తెలుసుకో. తెలిస్తే అందులోంచి చిక్కుముడులు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఉదాహరణకు సిరా. యూరప్‌లో శతాబ్దాల తరబడి వాడిన నల్ల సిరాలో మాచికాయ (ఓక్ చెట్ల మీద పుట్టే బుడిపె), అన్నభేది (ఒక ఇనుప లవణం), తుమ్మ జిగురు ఉండేవి. రాసినప్పుడు ఆ సిరా వెలిసినట్టు పల్చగా ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. అంటే పదేళ్ల నాటి వీలునామా అని ఎవరైనా చూపించినప్పుడు, అక్షరాలు ఇంకా బూడిద రంగులో ఉంటే అది నిన్నో మొన్నో రాసిందన్నమాట. ఈ సంగతి ముసలామె సిరా అమ్ముతూ మాటల్లో ఒకసారి చెప్పాలి. నాలుగు వారాల తర్వాత దొంగ వీలునామా వాళ్ల చేతికి రావాలి. ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. గుర్తొచ్చిన ఆ పిల్ల మొహం చూడు, ఆట నడపడంలోని ఆనందమంతా అక్కడే ఉంది. ఆ క్షణంలో, కనిపెట్టిందో లేదో తేల్చడానికి పాచికలు వేయమని అడగకు. ఆమె కనిపెట్టింది, ఆమెకే దక్కాలి.

తోలుపత్రం కూడా అలాంటిదే. దూడ, గొర్రె, మేక చర్మాలను సున్నపు నీళ్లలో నానబెట్టి, చట్రానికి బిగించి, గీకి ఆరబెడితే అది తయారవుతుంది. ఖరీదైనది కాబట్టి పాత రాత గీకేసి కొత్తది రాసేవారు. ఆర్కిమెడీస్ రచనల పదో శతాబ్దపు ప్రతి ఒకదాన్ని అలాగే చెరిపి, 1229లో ప్రార్థన గ్రంథంగా మార్చారు. అడుగున ఉన్నది ఆర్కిమెడీస్ రచన అని 1906లో గానీ గుర్తించలేదు. నీ కొట్టులో చవకగా దొరికే వంటల పుస్తకం ఒకటి పెట్టు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగున మరో రాత నీడలా కనిపించాలి. కాగితంలోని నీటిగుర్తు (వాటర్‌మార్క్), అంటే వెలుతురుకు పట్టుకుంటే కనిపించే మిల్లు గుర్తు, కూడా ఇలాగే పనికొస్తుంది. అది 13వ శతాబ్దం చివర ఇటలీలో మొదలైంది. బెదిరింపు ఉత్తరం ఏ మిల్లు కాగితం మీద రాశారో దాన్ని బట్టి పట్టుకోవచ్చు.

ధరల దగ్గర ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది వీటిని చదివి వదిలేస్తారు. మీరు ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాలతో కదా. అందులో చిన్న సిరాబుడ్డి 10 బంగారు నాణేలు. నైపుణ్యం అక్కరలేని కూలికి రోజుకు 2 వెండి నాణేలు. లెక్క చూడు, ఒక సిరాబుడ్డికి యాభై రోజుల కూలి! కాగితం 2 వెండి, తోలుపత్రం 1 వెండి. నిజమైన చరిత్రలో నారగుడ్డల కాగితం పుంజుకున్నాక తోలుపత్రం కన్నా చవకైంది, ఈ ఆటలో తలకిందులుగా ఉంది. దాన్ని తప్పనుకుని దిద్దకు, కారణం వెతుకు. నీ లోకంలో కాగితం కొత్తగా వచ్చిందా, తయారీ రహస్యం ఒకే నగరం దాచుకుందా? సిరా అంత ప్రియమెందుకు, మాచికాయలు దొరికే అడవి ఎవరి చేతిలో ఉంది? మంత్రగాడైతే తన గ్రంథంలోకి కొత్త మంత్రం ఎక్కించుకోవడానికి ఆ మంత్రం ఒక్కో స్థాయికి 50 బంగారు నాణేలు, రెండేసి గంటలు ఖర్చు చేయాలి. ఆ ఖర్చులో ప్రత్యేకమైన సిరాలదీ భాగం ఉంది. కాబట్టి మీ జట్టు మంత్రగాడే ఆ ముసలామెకు పెద్ద ఖాతాదారు. అతనికి అప్పు ఇవ్వనీ. అప్పున్నవాడు తిరిగి తిరిగి వస్తాడు.

మంత్రశక్తి ఉన్న సామగ్రి కొద్దిగానే పెట్టు. నేనైతే ఒకే ఒక్కటి పెడతాను: రాసినవారు బతికున్నంతకాలమే కనిపించే సిరా. మీ వాళ్లు నమ్మిన మిత్రుడి ఉత్తరం సంచిలో ఉంటుంది. ఒక రాత్రి తీసి చూస్తే కాగితం తెల్లగా ఉంటుంది. నువ్వు ఇంకేమీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఆటగాళ్ల చేతికి ఇచ్చే ఉత్తరాలు నువ్వే తయారు చెయ్యి, కొంటే ఆ రుచి రాదు. చిక్కటి టీ డికాక్షన్‌లో కాగితం ముంచి ఆరబెడితే పాత రంగు వస్తుంది. కవర్లు లేని కాలంలో ఉత్తరాన్నే మడిచి, కోసి, ఆ కాగితపు ముక్కతోనే తాళంలా బిగించేవారు. స్కాట్లండ్ రాణి మేరీ 1587లో మరణశిక్షకు కొన్ని గంటల ముందు రాసిన ఉత్తరం అలా బిగించినదే, చింపకుండా విప్పడానికి వీలుండదు. నువ్వూ అలా మడిచి లక్క ముద్ర వెయ్యి. అంచులు మాత్రం కాల్చకు, మసి అంటుకుని అక్షరాలు పోతాయి. చేతిరాత గజిబిజిగా రాస్తే పాతకాలంలా ఉంటుందనుకుంటారు గానీ, చదవలేని ఉత్తరంతో ఆట ఆగిపోతుంది. పెద్ద అక్షరాలతో విడివిడిగా రాయి. మీ జట్టులో ఒకరికి చూపు తక్కువని చెప్పావు కూడా.

కొట్టు పేరు, గుడ్లగూబ, కిటికీ రంగు నీ ఇష్టం. వాటి గురించి నన్నడగకు.

దీనితో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. అందులో నా పాత ఖాతా పుస్తకం, మిగిలిన లక్క, ఎనిమిది భాగాల గ్రంథం ఉన్నాయి. ఎనిమిదంటున్నానే గానీ విప్పితే ఏడే ఉంటాయి. నాలుగోది ఎక్కడుందో ఖాతాలో చివరి పద్దు చూడు. ఆ పేరు మీ జట్టులో వాళ్లకు బాగా తెలిసిన మనిషిది.

ప్రేమతో,
పెద్దమ్మ