ఎండుటాకు రంగు నెత్తురు: ఒక యువ రచయితకు లేఖ

యువ మిత్రులకు,

మీ కథ నాలుగో పేజీ దగ్గర చదవడం ఆపి, కాగితాలు బల్ల మీద పెట్టేసి, కాసేపు గదిలో అటూ ఇటూ తిరగవలసి వచ్చింది. రంగుల తేడా తెలియని మీ కథానాయకుడు అక్కడ తోటలోకి అడుగుపెడతాడు. "వాడికి లోకమంతా పాత సినిమాలాగా నలుపు తెలుపుల్లో కనిపించింది" అని మీరు రాశారు. కలం పేరు పెట్టుకోవాలా వద్దా, కథను ఏ పత్రికకు పంపాలి, నిడివి ఎక్కువైందా అని మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలు అడిగారు. వాటన్నిటికంటే ముందు ఈ ఒక్క వాక్యం సంగతి తేల్చుకుందాం.

ఒక మంచి మాట చెప్పి మొదలుపెడతాను. తమ్ముడు ఏదైనా చూపించి రంగు అడిగినప్పుడల్లా, జవాబు చెప్పే ముందు అక్క ఒక్క క్షణం ఆగుతుందని రాశారు. ఆ క్షణాన్ని ఎవరు చెప్పినా కొట్టివేయకండి, నేను చెప్పినా సరే.

ఇక ఆ వాక్యం. పగటి వెలుగులో రంగులను పట్టే కణాలు మన కంటి తెర మీద మూడు రకాలుగా ఉంటాయి. వాటిని శంకు కణాలంటారు. ఒక రకం 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కాంతికి, రెండో రకం 530 దగ్గరి కాంతికి, మూడో రకం 560 దగ్గరి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. వీటిలో ఏదీ తనంతట తాను రంగును గుర్తించలేదు. మూడింటి స్పందనలనూ ఒకదానితో ఒకటి పోల్చి చూసుకున్నాకే మెదడుకు రంగు తెలుస్తుంది. వర్ణాంధత్వమని మనం ఒకే పేరుతో పిలిచేదానిలో అత్యధిక భాగం, రెండో మూడో రకాలలో ఏదో ఒకటి లేకపోవడం వల్లనో, రెండూ స్పందించే కాంతులు మరీ దగ్గరగా జరిగిపోవడం వల్లనో వస్తుంది. వాటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవారికి అది ఒక్కటే ఉంటుంది గనుక ఇది వారిలోనే ఎక్కువ: ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో 200 మందికి ఒకరికి ఉంటుంది. ఇటువంటివారికి నీలం, పసుపు పుష్కలంగా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మధ్య గట్లు తెగిపోతాయి, అంతే. లోకం నిజంగానే నలుపు తెలుపుల్లో కనిపించేవారు దాదాపు 30,000 మందికి ఒకరు ఉంటారు. వారి కళ్లు గట్టి వెలుగును భరించలేవు కనుక, మీరు వర్ణించిన మిట్టమధ్యాహ్నపు తోటలో వారికి కళ్లు విప్పి ఉంచడమే కష్టం. మీ కథానాయకుడు మాత్రం ఆ ఎండలో హాయిగా తిరుగుతున్నాడు.

ఇదంతా పుస్తకాలు ముందేసుకుని రాస్తున్నాననుకోకండి. నేను మీ కథానాయకుడి కోవకు చెందినవాణ్ణే. చిన్నప్పుడు చెట్టు బొమ్మ గీసి, ఆకులకు గోధుమ రంగూ మానుకు ఆకుపచ్చా వేసి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక నిలబడ్డవాణ్ణి. అసలు సంగతి ఇరవై రెండేళ్ల వయసులో ఒక ఉద్యోగపు వైద్యపరీక్షలో తేలింది. షినోబు ఇషిహారా అనే జపాన్ వైద్యుడు 1917లో తయారుచేసిన చుక్కల పటాలు మీరు చూసే ఉంటారు. ఒక పటంలో నా ముందున్నవాడు 74 అని చదివాడు. నేను అదే పటం చూసి 21 అన్నాను. ఇద్దరమూ అబద్ధమాడలేదు. ఆ పటాన్ని తయారుచేసినదే అలా కనిపించడానికని తరువాత తెలిసింది. ఉద్యోగం రాలేదు గాని, ఒకే కాగితాన్ని ఇద్దరు నిజాయితీగా చదివి రెండు అంకెలు చెప్పగలరనే జ్ఞానం ఆ రోజు దక్కింది.

నాలుగేళ్ల తరువాత నా మూడో కథను ఒక పత్రికకు పంపాను. అందులో దెబ్బతిన్న మనిషి గడ్డిలో పడి ఉంటాడు. "నెత్తురు ఎండుటాకు రంగులో ఉంది, తడి మెరుపు లేకపోతే అది నెత్తురని తెలిసేది కాదు" అని రాశాను. అచ్చయి వచ్చిన ప్రతిలో "పచ్చని గడ్డి మీద ఎర్రని నెత్తురు" అని ఉంది. ఇదేమిటని సంపాదకుడికి ఉత్తరం రాస్తే, నెత్తురు ఎర్రగా ఉంటుందని పాఠకులందరికీ తెలుసు కదా అని జవాబు వచ్చింది. అందరికీ తెలిసినదానిని మళ్లీ చెప్పడానికి కాగితం ఎందుకు దండగ చేశారని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఆయన ఇప్పుడు లేరు. కోపం మాత్రం ఉంది.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ ఈ విషయంలో నాకు అన్నగారి వంటివాడు. జెరేనియం పువ్వు పగటివేళ ఆయనకు ఆకాశనీలంగా కనిపించింది. అదే పువ్వు కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా తోచింది. మిత్రులను అడిగితే తమకు అంత తేడా ఏమీ లేదన్నారు. సొంత తమ్ముడో అన్నో అయిన సోదరుడొక్కడే తనకూ అలాగే ఉందన్నాడు. డాల్టన్ 1794లో మాంచెస్టర్‌లో ఈ విషయం మీద ఒక వ్యాసం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎర్రని వెలుగును మింగేస్తోందని ఆయన నమ్మకం. తాను పోయాక కళ్లు తెరిచి చూడమని చెప్పిపెట్టాడు. 1844లో చూశారు, ద్రవం తేటగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి నుంచి 1995లో జన్యుపరీక్ష చేసినప్పుడు, పైన చెప్పిన రెండో రకం కణాలకు కావలసిన వర్ణకం ఆయనకు లేదని తేలింది. కారణం విషయంలో ఆయన పొరబడ్డాడు, కాని చూసినదానిని చెప్పడంలో పొరబడలేదు. ఏ పువ్వు, ఏ వేళ, ఏ వెలుగు, పక్కన ఎవరున్నారు, వారేమన్నారు అన్నీ చెప్పాడు. ఈ మాత్రం జాగ్రత్త మీ తోటలో లేదు.

కథ చివర తమ్ముడు అక్కను, "నువ్వు చూసే ఎరుపూ నేను చూసే ఎరుపూ ఒకటేనా?" అని అడుగుతాడు. అక్కడ మూడు చుక్కలు పెట్టి కథ ముగించారు. ప్రశ్న మీద చుక్కలు పెట్టడం ఈ మధ్య ఒక రివాజైంది. తెగని ప్రశ్న ఏదైనా తెచ్చి చివర పెడితే కథకు లోతు వచ్చేసిందని అనుకుంటున్నారు. ఈ ప్రశ్నను ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలోనే అడిగాడు: వయొలెట్ పువ్వు ఒకరి మనసులో కలిగించే అనుభూతినే బంతిపువ్వు మరొకరి మనసులో కలిగిస్తూ, పేర్లు మాత్రం ఇద్దరూ ఒకేలా పలుకుతుంటే, ఆ తేడా బయటపడేదెలా అని. పూర్తిగా తారుమారు కావడం కుదరదని వాదించేవారున్నారు. పసుపు పుట్టుకతోనే వెలుగుగల రంగు, దానిని ముదురు చేస్తే పసుపుగా మిగలదు. నీలం ఎంత ముదిరినా నీలమే. ఈ రెండింటినీ ఇటుదటు చేస్తే ఎక్కడో ఒకచోట అతుకు కనబడక తప్పదు. నాకు ఈ వాదన నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో రంగును దాని చుట్టాలతో కలిపి కూర్చోబెట్టారు.

ఆ ప్రశ్నకు నిజానికి ఇద్దరు మనుషులు కూడా అక్కరలేదు. వయసుతోపాటు కంటి కటకం పసుపుబారుతుంది. పోయిన ఏడాది నా కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేశారు, ఎడమ కంటికి ఇంకా చేయలేదు. మీ కథ రాసిన కాగితమే కుడి కంటికి నీలి ఛాయగల తెలుపు, ఎడమ కంటికి పాత పుస్తకంలోని పుట. చిత్రకారుడు మొనే కూడా 1923లో ఈ ఆపరేషన్ చేయించుకుని రంగులతో ఇలాగే తంటాలు పడ్డాడు. రెండు కళ్లూ నావే, తగాదా తీర్చవలసిన మెదడూ నాదే, అయినా ఏ తెలుపు అసలైన తెలుపో చెప్పలేను. మామూలు చూపున్నవారి సంగతి ఇంకా విచిత్రం. రెండో రకం, మూడో రకం కణాలు ఒకరి కంటిలో దాదాపు సరిసమానంగా ఉంటే, మరొకరి కంటిలో ఒకదానికి పదహారు చొప్పున కూడా ఉన్నట్లు లెక్కించారు. అయినా ఎరుపు గాని ఆకుపచ్చ గాని కలవని శుద్ధమైన పసుపును చూపించమంటే, ఇద్దరూ ఇంచుమించు ఒకేచోట వేలు పెడతారు. కళ్లు వేరైనా ఒప్పందం కుదిరింది. మీ అక్కాతమ్ముళ్ల మధ్య ఆ ఒప్పందం ఎలా కుదిరిందో రాయవలసినచోట మీరు చుక్కలు పెట్టారు.

నలభై ఏళ్లుగా నేను ఒకటే మాట చెబుతూ అందరినీ విసిగిస్తున్నాను: రంగు పేరు రాసి ఊరుకోకండి, దాని పొరుగును రాయండి. మీరు "ఎర్రని" అన్న ప్రతిసారీ పాఠకుడు తన ఎరుపును తెచ్చుకుని మీ వాక్యంలో పోసుకుంటాడు. "ఎర్రెర్రని" అంటే ఇంకొంచెం పోసుకుంటాడు, మీది మాత్రం ఒక్క చుక్క కూడా చేరదు. నా యౌవనంలో కథలో ఏ రంగు కనబడినా విమర్శకులు దాని వెనుక జెండా వెతికేవారు. ఆ రోజులు పోయాయని సంతోషిస్తుండగా, ఇప్పుడు పేజీకి ఆరు రంగులు చొప్పున అద్దే రోజులొచ్చాయి. 2015లో ఒక గౌను ఫోటో ప్రపంచమంతా తిరిగింది, గుర్తుందా? నీలం నలుపు అని కొందరు, తెలుపు బంగారు రంగు అని కొందరు కొట్లాడుకున్నారు. అందరూ మంచి చూపున్నవారే. అసలు గౌను నీలం నలుపే. ఆ ఫోటోలో గౌను మీద ఎటువంటి వెలుగు పడుతోందో చెప్పే ఆనవాలు సరిగా లేదు. నీలి నీడలో ఉందని ఊహించుకున్న మెదడు ఆ నీలాన్ని తీసివేసి తెలుపు చూసింది, పసుపు దీపం కింద ఉందని ఊహించుకున్న మెదడు పసుపును తీసివేసి నీలం చూసింది. పొరుగు చెప్పకుండా రంగు చెబితే జరిగేది అదే.

మన భాషే ఈ పాఠం నేర్పుతుంది. మీ కథలో "పచ్చని" అనే మాట పదకొండుసార్లు వచ్చింది. పచ్చని చేను అంటే ఒక రంగు, పచ్చని మేను అంటే మరొక రంగు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందనే సామెతలోని పచ్చ ఆకుది కాదు. 1858లో గ్లాడ్‌స్టన్, తరువాత బ్రిటన్ ప్రధాని అయినవాడు, ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాలలో రంగుల మాటలు తికమకగా ఉండటం, సముద్రాన్ని ద్రాక్షసారాతో పోల్చడం చూసి, ఆనాటి గ్రీకులకు వర్ణజ్ఞానం ఇంకా వికసించలేదని తేల్చాడు. ఆయనకు తెలుగు వచ్చి ఉంటే మనకు ఆకుకూ పసుపుకూ తేడా తెలియదని రాసి ఉండేవాడు. పక్కన చేను ఉందా మేను ఉందా అని చూసుకుని మనం తడుముకోకుండా అర్థం చేసుకుంటాం. మీ పదకొండు పచ్చలలో నాలుగింటికి పక్కన ఏదీ లేదు. వాటి కింద గీత గీశాను.

మీ కథానాయకుణ్ణి ఆ తోటలోకి మళ్లీ పంపండి. ఆకుల మధ్య పండిన పండును అక్క దూరం నుంచే చూస్తుంది, అతడు చూడలేడు. దగ్గరకు వెళ్లాక దాని గుండ్రదనం, మీద పడిన వెలుగు చుక్క, బరువుకు వంగిన కొమ్మ అతనికి చెబుతాయి. పండిందో లేదో వేలితో నొక్కి తెలుసుకుంటాడు. అప్పుడు రంగేమిటని అడగనివ్వండి, అక్కను ఆ ఒక్క క్షణం ఆగనివ్వండి. తరువాత ఆమె ఏమంటుందో నాకు తెలియదు, మీకు తెలిసి ఉండాలి.

మార్చి రాశాక పంపండి. పాత ప్రతిని దిద్ది ఈ ఉత్తరంతోపాటు వెనక్కు పంపుతున్నాను. ఎర్ర సిరాతో దిద్దానని అనుకుంటున్నాను. బల్ల మీద రెండు కలాలున్నాయి, రెండోది ఆకుపచ్చ. ఏది చేతికి వచ్చిందో మీ జవాబులో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి