పల్లెటూరి రైతు పిపా హ్యాకెట్ ఐర్లండ్‌లో గ్రీన్ పార్టీ మంత్రి ఎలా అయ్యారు?

ఐర్లండ్ పల్లెల్లో పర్యావరణం కోసం పనిచేసే గ్రీన్ పార్టీ అంటే చాలామందికి గిట్టదు. ‘డబ్లిన్ వాళ్ల పార్టీ, మన పశువులకీ పీట్ పొయ్యిలకీ ఎసరు పెడుతుంది’ అన్న అనుమానం. పీట్ అంటే చిత్తడి నేలల్లోంచి తవ్వి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చే మట్టి. హ్యాకెట్‌ది సరిగ్గా ఈ పీట్ తవ్వకాలకు పేరున్న ఆఫలీ కౌంటీయే (కౌంటీ అంటే జిల్లా లాంటిది). అక్కడ గొర్రెలూ ఆవులూ పెంచే సేంద్రియ రైతు ఆవిడ.

2019లో కౌంటీ కౌన్సిల్‌కి గెలిచారు. గ్రేస్ ఓ’సల్లివన్ యూరోపియన్ పార్లమెంటుకి వెళ్లడంతో ఖాళీ అయిన సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ) సీటు ఆ ఏడాదే ఈవిడకి దక్కింది. ఆ ఉప ఎన్నికల్లో ఓటర్లు ఎంపీలూ సెనేటర్లే, ప్రజలు కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

2020లో ఫియానా ఫాల్, ఫినె గేల్ అనే రెండు పెద్ద పార్టీలతో గ్రీన్స్ జట్టు కట్టి ప్రభుత్వంలోకి వచ్చాక, భూ వినియోగం, జీవవైవిధ్యం చూసే సహాయ మంత్రి అయ్యారు, క్యాబినెట్ సమావేశాల్లో కూర్చునే హోదాతో. నన్నడిగితే అసలు పని సేంద్రియ సాగులోనే జరిగింది: దానికి మారే రైతుకి చెల్లింపులు పెరిగాయి, మొత్తం సాగుభూమిలో 2 శాతం దగ్గర ఉన్న సేంద్రియ విస్తీర్ణం రెట్టింపు దాటింది.

2024 నవంబరులో, ప్రజలే ఓటేసే సాధారణ ఎన్నికల్లో మాత్రం సొంత ఆఫలీలోనే ఓడిపోయారు. పార్టీ కూడా దిగువ సభలో 12 సీట్ల నుంచి ఒక్కదానికి పడిపోయింది.